మూడో ప్రశ్నకు జవాబు రాలేదు

మా వీధిలో డిగ్రీ చదివే రజిత మొన్న ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. కాలేజీలో మొదటి ప్రోగ్రామ్ రాసిందట. తెర మీద పేరు అడగాలి, టైప్ చేసిన పేరు చదవాలి, ఆ పేరుకు నమస్తే చెప్పాలి. అంతే. పేరు చదివే వరుస కింద, రాసింది సరిచూసే కంపైలర్ ఒక వంకర గీత గీసి, ఇక్కడ నల్ రావచ్చు, చూసుకో అని హెచ్చరిస్తోంది. ఆ వరుస చివర ఒక ఆశ్చర్యార్థకం గుర్తు పెడితే గీత పోతుందని నెట్‌లో ఎవరో చెప్పారట. పెట్టింది. పోయింది.

"గీత పోయింది గదా అంకుల్, ఇగ అయిపోయినట్టే గదా?" అని అడిగింది.

నాకు చెప్పే ఓపిక లేకపోయింది. చాయ్ తాగి పొమ్మన్నాను. ఆ పిల్ల వెళ్ళాక మాత్రం మనసు ఊరుకోలేదు. ముప్పై ఏళ్ళ పనిలో నేను నేర్చుకున్నది ఏమైనా ఉంటే ఆ గీత దగ్గరే ఉంది. అది కూడా మంచిగా నేర్చుకున్నది కాదు. కాబట్టి ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం రాసి పెడుతున్నాను. చదివితే చదవండి.

నేను చేసిన పని

ప్రోగ్రామర్ అంటే హైదరాబాద్‌లో అద్దాల మేడ, మెడలో కార్డు అనుకుంటారు. నాది నారాయణఖేడ్ బస్టాండ్ వెనక ఒక మెట్ల కింది గది. ఎండాకాలం రేకు పెట్టెలా ఉడికిపోయేది. బడికి హాజరు పట్టీ, విత్తనాల దుకాణానికి సరుకు లెక్క, దవాఖానకు రోగుల జాబితా, ఇవీ నేను రాసినవి. నా ప్రోగ్రాములన్నీ నల్లటి తెర మీద తెల్ల అక్షరాలతో నడిచేవి. బొమ్మలు, బటన్లు ఉండేవి కావు. తెర ఒక ప్రశ్న అడుగుతుంది, మనిషి టైప్ చేసి ఎంటర్ కొడతాడు, తెర ఇంకో ప్రశ్న అడుగుతుంది. దీన్నే కన్సోల్ అంటారు. నాసిరకం కంప్యూటర్లలో, కరెంటు వచ్చీపోయే చోట అదే బతికేది.

ఈ పనిలో తెలివి చాలా కావాలని మీకు చెబుతారు. నా అనుభవంలో తెలివి లేక చెడిన పనులు తక్కువ. విననందువల్ల చెడినవే ఎక్కువ. వాడే మనిషి ఏదో చెబుతుంటాడు, మనం తెర వైపు చూస్తూ ఊఁ కొడుతుంటాం. నేను ముప్పై ఏళ్ళూ ఊఁ కొట్టినవాణ్ణే.

ఖాళీ వేరు, నల్ వేరు

ముందు ఇది తెలియాలి. తెర మీద పేరు అడిగారు. అవతలి మనిషి ఏమీ టైప్ చేయకుండా ఎంటర్ కొట్టాడు. అది ఖాళీ జవాబు. ఇంటి తలుపు కొడితే మనిషి బయటికొచ్చి మాట్లాడకుండా నిలబడ్డట్టు. మనిషైతే ఉన్నాడు.

నల్ అంటే ఇంట్లో ఎవరూ లేకపోవడం. ఫైలు నుంచి చదువుతుంటే ఫైలు అయిపోయింది, లేదా కూర్చున్న మనిషి ఇన్‌పుట్ ముగిసిందని చెప్పే మీటలు నొక్కాడు. విండోస్‌లో కంట్రోల్ పట్టుకుని జడ్ కొట్టి ఎంటర్ కొడితే అదే జరుగుతుంది. అప్పుడు ప్రోగ్రామ్ చేతికి ఖాళీ మాట కూడా రాదు, ఏమీ రాదు. ఆ ఏమీ లేనిదాన్ని పట్టుకుని, పేరు అనుకుని ముందూ వెనకా ఉండే ఖాళీలు కత్తిరించబోతే ప్రోగ్రామ్ అక్కడికక్కడే కూలుతుంది.

కూలడం అవమానం అనుకుంటారు అందరూ. నేనూ అనుకున్నాను. అది తప్పని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, తెలిసేలోపు ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది.

దవాఖాన వరండా

ఆ దవాఖాన పేరు రాయను. ఇప్పుడది లేదు కూడా. ధర్మానికి నడిచే చిన్న దవాఖాన. మనూర్ నుంచి, నాగల్‌గిద్ద నుంచి షేర్ ఆటోల్లో కుక్కుకుని జనం వచ్చేవారు. బోరంచ పోచమ్మ జాతరకు అందరూ పోయే రోజుల్లో తప్ప ఆ వరండా ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. అక్కడ తెమడ పరీక్ష చేసేవారు, టీబీ ఉందో లేదో చూడటానికి. పేర్లు ఎక్కించే ప్రోగ్రామ్ నాది.

ప్రోగ్రామ్ ముందు కూర్చునేది సువార్తమ్మ. మనూర్ దగ్గరి మనిషి. టైపింగ్ నేర్చుకుని వచ్చింది, నెమ్మదస్తురాలు. అక్షరం తప్పు పోతే తనే నొచ్చుకునేది. దవాఖాన నడిపే పెద్ద డాక్టరును అందరూ పెద్దసారు అనేవాళ్ళం. మంచివాడే. కానీ జిల్లాకు పంపే జాబితాలో ఒక్క గడి ఖాళీగా కనిపించినా ఆయనకు పిచ్చి కోపం. ఖాళీ ఉండొద్దు ప్రభాకర్ అని నాకు పదిసార్లు చెప్పాడు.

నా ప్రోగ్రామ్ అడిగే మొదటి ప్రశ్న పేరు, రెండోది ఊరు. మూడోది ఆడవాళ్ళయితే భర్త పేరు, మగవాళ్ళయితే తండ్రి పేరు. పెద్దసారు చెప్పాడు కదా అని, ఖాళీగా ఎంటర్ కొడితే అదే ప్రశ్న మళ్ళీ అడిగేలా రాశాను. మళ్ళీ కొడితే మళ్ళీ అడుగుతుంది. చుక్క పెట్టి తప్పించుకోకుండా కనీసం మూడు అక్షరాలు ఉండాలని కూడా పెట్టాను. చాలా పకడ్బందీగా రాశానని మురిసిపోయాను.

నేను పుట్టింది ఈ తాలూకాలోనే. మా అమ్మ బతికినన్నాళ్ళు మా నాయన పేరు నోటితో పలకలేదు. రేషన్ దుకాణంలో అడిగితే నన్ను ముందుకు తోసి నువ్వు చెప్పు అనేది. ఆ సంగతి తెలిసిన నేను ఆ మూడో ప్రశ్న రాశాను. రాసేటప్పుడు మా అమ్మ గుర్తుకే రాలేదు. బుద్ధి గడ్డి తినడం అంటే ఇదే.

సువార్తమ్మ నాకు చెప్పింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

"సార్, ఆడోళ్ళు మొగని పేరు చెప్తలేరు. తోలుకొచ్చినోళ్ళు ఉంటే వాళ్ళు చెప్తుండ్రు. ఒక్కరే వస్తే నోరు తెరుస్తలేరు. మిషనేమో ముందుకు పోనిస్తలేదు. ఏం జెయ్యాలె?"

గట్టిగా అడగమన్నాను. నీకు అడగడం రాదు, అందుకే చెప్పడం లేదు అని కూడా అన్నాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, కానీ అన్నాను.

ఒకరోజు వరండా నిండా జనం. ఒక ముసలావిడ భర్త పేరు చెప్పదు, తెర కదలదు, వెనక వాళ్ళు తిడుతున్నారు. సువార్తమ్మకు దిక్కుతోచక, టైపింగ్‌లో తప్పు పోతే వెనక్కి తీసుకునే మీటలు గుర్తొచ్చి కంట్రోల్, జడ్ కొట్టి ఎంటర్ కొట్టింది. నల్ వచ్చింది. ప్రోగ్రామ్ కూలింది. పొద్దటి నుంచి ఎక్కించిన పేర్లన్నీ పోయాయి, ఎందుకంటే సాయంత్రం ఒకేసారి భద్రం చేసేలా రాశాను. పెద్దసారు నన్ను పిలిపించి వరండాలో అందరి ముందే దులిపేశాడు. ఇంకోసారి పడిపోతే నీ డబ్బా నీ నెత్తిన పెట్టి పంపుతా అన్నాడు.

నేను కోపంతో ఊగిపోతూ కూర్చుని, అరగంటలో బాగు చేశాను. బాగు చేశానని అనుకున్నాను.

ఏం చేశానంటే, చదివే వరుసల చుట్టూ ఒక వల కట్టాను. లోపల ఏ తప్పు జరిగినా ఆ వల పట్టుకుంటుంది. పట్టుకుని ఏం చేయాలి అన్న చోట ఏమీ రాయలేదు. ఏమీ చేయకు, ముందుకు పో, అంతే. ఇక ప్రోగ్రామ్ కూలదు. నిజంగానే ఆ తర్వాత ఒక్కసారి కూడా కూలలేదు. పెద్దసారు నా భుజం తట్టాడు.

సువార్తమ్మకు మాత్రం ఒక దారి దొరికింది. భర్త పేరు చెప్పనివాళ్ళు వస్తే ఆ మీటలు కొట్టేది. తెర కిక్కురుమనకుండా నాలుగో ప్రశ్నకు పోయేది. తను రెండుసార్లు మొరపెట్టుకుంది కాబట్టి సారే ఈ ఏర్పాటు చేశాడనుకుంది.

ఇద్దరు నాగమ్మలు

ఇక్కడ నా అసలు తప్పు ఉంది, నిదానంగా చదవండి.

టైప్ చేసిన జవాబు పెట్టుకోవడానికి ప్రోగ్రామ్‌లో ఒక్కో డబ్బా ఉంటుంది. పేరుకు ఒకటి, ఊరుకు ఒకటి, భర్త పేరుకు ఒకటి. ఒక్కో మనిషికి కొత్త డబ్బా తీయాలి. నేను పొద్దున ఒకసారి తీసి, సాయంత్రం దాకా అవే వాడేలా రాశాను. జవాబు వస్తే పాతది పోయి కొత్తది పడుతుంది. నల్ వస్తే? వల పట్టుకుంటుంది, ఏమీ చేయదు. డబ్బాలో పాతది అలాగే ఉంటుంది. అంటే ముందు వచ్చిన ఆమె భర్త పేరు, వెనక వచ్చిన ఆమెకు అంటుకుంటుంది.

నాగల్‌గిద్ద అవతల, కర్ణాటక హద్దున ఉన్న ఒక ఊరి నుంచి ఒకే ఆటోలో ఇద్దరు వచ్చారు. ఇద్దరి పేర్లూ నాగమ్మే. మొదటి నాగమ్మతో ఆమె తమ్ముడు వచ్చాడు. బావ పేరు పెంటయ్య అని అతను చెప్పాడు. రెండో నాగమ్మ ఒక్కతే. నెల రోజుల దగ్గు. భర్త పేరు చెప్పలేదు. సువార్తమ్మ మీటలు కొట్టింది. రెండో నాగమ్మ కూడా పెంటయ్య భార్య అయింది.

పేరు, ఊరు, భర్త పేరు మూడూ కలిస్తే ఒకే మనిషి రెండోసారి వచ్చినట్టు లెక్క అని నేను రాశాను. వయసు కలపలేదు, ఎందుకంటే మా దగ్గర ఒకే మనిషి ఒకసారి ముప్పై అంటే ఇంకోసారి నలభై అంటుంది. ప్రోగ్రామ్ ఆ ఇద్దరినీ ఒక్కరిని చేసింది. రెండో నాగమ్మ తెమడలో టీబీ ఉంది. మొదటి నాగమ్మకు లేదు. లేదన్న ఫలితం తర్వాత ఎక్కించారు, అదే నిలిచింది. పరీక్ష గది పుస్తకంలో చేతిరాతతో ఇద్దరివీ సరిగ్గానే ఉన్నాయి. కంప్యూటర్ వచ్చాక ఆ పుస్తకం తిప్పినవాళ్ళు లేరు.

నీకేం లేదు, పో అని రెండో నాగమ్మకు చెప్పారు. ఆమె పోయింది. ఊరికి కాదు, చెరుకు కొట్టే గుంపుతో కర్ణాటక పోయింది. తడకల గుడిసెలో ఆరేడుగురితో కలిసి పడుకుంటూ రెండున్నర నెలలు చెరుకు కొట్టింది. దగ్గితే రక్తం పడే దాకా కొట్టింది. గుంపు పెద్ద ఆమెను ఆటోలో వేసి మళ్ళీ అదే వరండాకు పంపాడు. అప్పటికి మనిషి ముప్పై కిలోలు కూడా లేదేమో. పెద్దసారు ఆమె గుండె మీద గొట్టం పెట్టి విని, పాత కాగితం చూసి, ఇది ఎట్లా సాధ్యం అన్నాడు. పరీక్ష గది పుస్తకం తెప్పించాడు.

నాగమ్మ బతికింది, ముందే చెబుతున్నాను. కానీ కుడి ఊపిరితిత్తి సగం పోయింది.

నలుగురిలో

పెద్దసారు గదిలో నలుగురం కూర్చున్నాం. ఆయన, నేను, పరీక్ష గది మనిషి, సువార్తమ్మ. ఎవరిది తప్పు అని అడిగాడు. నేను అంతకుముందే రెండు రోజులు కూర్చుని అంతా వెతికాను, వల సంగతి, డబ్బాల సంగతి అప్పటికే నాకు తెలుసు. తెలిసి కూడా ఆపరేటర్ నొక్కకూడని మీటలు నొక్కింది సార్ అన్నాను. అందులో అబద్ధం ఒక్కటి లేదు. అంతకంటే నీచమైన మాట నా జన్మలో అనలేదు.

సువార్తమ్మ లేచి నిలబడింది. "గా మీటలు పని చేసేటట్టు సారే పెట్టిండనుకున్న. మొగని పేరు చెప్తలేరని రెండుసార్లు చెప్పిన. సారునే అడుగుండ్రి," అంది.

పెద్దసారు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. ఆ వారమే సువార్తమ్మ పని మానేసింది, మాన్పించారు అనడం నిజం.

నాలుగు రోజులు అన్నం సహించలేదు. ఐదో రోజు పోయి పెద్దసారుకు ఉన్నదంతా చెప్పాను. ఆయన విని, సువార్తమ్మను మళ్ళీ పిలుచుకురా అన్నాడు. మనూర్ పోయాను. ఆమె నీళ్ళిచ్చింది, కూర్చోమంది. తప్పు నాదే, మళ్ళీ పనికి రమ్మన్నాను. రాను అంది.

"తప్పు నాది అని ఇప్పుడు మా ఇంట్ల చెప్తున్నరు. నలుగురిల అడిగినప్పుడు చెప్పకపోతిరి," అంది.

నేను ఆటో ఎక్కాను.

ఇక చేయవలసింది

మీకు పనికొచ్చేది ఈ నాలుగు ముక్కలే. నల్ వస్తే దాన్ని నల్ అని గుర్తుపట్టండి. ఖాళీతో కలిపి ఒకే గంపలో వేయకండి. ఖాళీ అయితే మళ్ళీ అడగొచ్చు. నల్ అయితే ఆ మనిషి వివరాలు పక్కన పెట్టి, ఇది పూర్తి కాలేదు అని అందరికీ కనబడేలా రాయండి. సున్నా పెట్టొద్దు, లేదు అని పెట్టొద్దు, అన్నిటికంటే పాతది ఉంచొద్దు. జవాబు తెలియదు అని రాసుకునే గడి ప్రతి ప్రశ్నకూ ఉండాలి. పై అధికారికి ఖాళీ నచ్చదంటే ఆయనతో పోట్లాడండి. నేను పోట్లాడలేదు.

తప్పును పట్టుకుని నోరు నొక్కే వల ఎప్పుడూ కట్టకండి. ప్రోగ్రామ్ కూలితే నలుగురూ తిడతారు, ఒక పూట పోతుంది. కూలకుండా అబద్ధం చెబుతూ నడిస్తే ఎవరికీ తెలియదు. నేను ఆ ప్రోగ్రామ్‌ను కూలనిచ్చి ఉంటే నాగమ్మకు ఆ వారమే మందులు మొదలయ్యేవి.

ఇవన్నీ పుస్తకాల్లో కూడా ఉంటాయి. ఇంతకంటే మంచిగా ఉంటాయి. పుస్తకాల్లో లేనిది నాగమ్మ ఊళ్ళో నాకు తెలిసింది.

నాగమ్మ అరుగు మీద

కలిసిపోయిన రెండు వివరాలను విడదీయడానికి నేనే పోతానన్నాను. పెద్దసారు వద్దన్నాడు. పోయి నిజం చెబితే ఊరంతా మీద పడుతుంది, మందులు ఇస్తున్నాం కదా చాలు అన్నాడు. ఆయన మాట కాదని చేసిన పని ఆ దవాఖానలో ఇదొక్కటే.

మందులు మొదలై నాలుగో నెల. మందులు మింగించే ఆశా వర్కర్‌తో కలిసి పోయాను. నాగమ్మ అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతోంది. నాలుగుసార్లు చెరగగానే చాట ఒళ్ళో పెట్టుకుని ఊపిరి తీసుకుంటోంది. నేను ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. డబ్బాలు, వలలు చెప్పలేదు. నీ కాగితం ఇంకొకరి కాగితంతో కలిసిపోయింది, కలిపింది నేను, ఆ రోజే నీకు రోగం ఉంది, లేదని పంపాము అన్నాను.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.

"అయితే చెరుకుకు పోకముందే ఉండెనా?" అని అడిగింది.

ఉండె అన్నాను.

"మా ఆడబిడ్డ బిడ్డ గా గుడిసెల నా పక్కలనే పండుతుండె. ఎనిమిదేండ్ల పోరి. దానికి గూడ మొన్న పరీక్ష జేసిండ్రు, ఉన్నదన్నరు. అది నా నుంచి అంటినట్టేనా?"

ఆశా వర్కర్ తల వంచుకుంది. నేను అవునని తల ఊపాను. నాగమ్మ చాటలో కందులు ఒక పక్కకు, రాళ్ళు ఒక పక్కకు జరుపుతూ ఉండిపోయింది. ఆ చిన్నపిల్ల ఇంట్లోంచి తొంగిచూసి లోపలికి పోయింది. పిల్లకూ మందులు నడుస్తున్నాయని, మంచిగైతదని ఆశా వర్కర్ అంటోంది. ఆ మాట నాగమ్మ వింటున్నట్టు లేదు.

కాసేపటికి, వచ్చిన పని ఉంది కదా అని కాగితం తీశాను. పేరు రాశాను, ఊరు రాశాను. అలవాటుగా మూడోది అడిగేశాను. నీ భర్త పేరేందమ్మా అని. అడిగాక నాలుక కరుచుకున్నాను.

నాగమ్మ నోరు తెరవలేదు. చాట దింపి, ఎడమ చేతి గాజులు పైకి జరిపి, చెయ్యి నా ముందుకు చాచింది. మోచేతి కింద పచ్చబొట్టు. కన్నడ అక్షరాలు, పాతబడి కొంచెం పాకాయి. మన అక్షరాలకు దగ్గరే కాబట్టి కూడబలుక్కుని చదివాను. శరణప్ప. నేను పైకి చదవగానే ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది.

"దవాఖానల గూడ గిట్లనే చెయ్యి జూపిన సారూ," అంది ఆ పక్కకే చూస్తూ. "గా అమ్మ తెర దిక్కే జూస్తుండె. పేరు చెప్పు, పేరు చెప్పు అని మళ్ల మళ్ల అడుగుతుండె."

అలా మళ్ళీ మళ్ళీ అడగమని రాసింది నేనే.